మా ఇంటిపేరు ఏ ఊరిది

మా ఇంటిపేరు ఇంగ్లీషుది. అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే ఉప్పల్, నాచారం చుట్టుపక్కల చర్చికి పోయే ప్రతివాళ్లకూ ఇది ఎవరింటి సంగతో తెలిసిపోతుంది. అంత అరుదైన పేరు. ఈ నగరంలో అదే పేరున్న మనిషి ఇంకొకరు కనబడితే ఇద్దరం ఆగి మాట్లాడుకుంటాం.

ఈ పేరుతో బతకడం ఒక తమాషా. బ్యాంకు నుంచి ఫోన్ చేసే అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెడుతుంది. నేను "చెప్పమ్మా" అనగానే తప్పు నంబరేమోనని ఆగిపోతుంది. కొరియర్ తెచ్చినాయన గేటు దగ్గర నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సార్ లేడా ఇంట్ల" అని అడుగుతాడు. నేనే ఆ సారునంటే సంతకమైతే పెట్టించుకుంటాడు గానీ, పోతూ పోతూ కిటికీలోంచి ఒకసారి తొంగిచూస్తాడు. లోపల తెల్లదొర ఎవరో కూర్చుని పేపర్ చదువుతున్నాడని వాళ్ల అనుమానం. పీర్జాదిగూడలో మా రెండు గదుల ఫ్లాట్‌లో దొరను ఎక్కడ దాచిపెడతాను?

నాకు కోపమెక్కువ, ఓపిక తక్కువ అని నా భార్య అందరికీ చెబుతుంది. మొదటిది నిజమే. రెండోది మాత్రం ఒప్పుకోను. ఓపిక లేనివాడు నాచారం మందుల కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు కాగితాలు చూసే పని చేయలేడు. ఒక బ్యాచ్ మాత్రలు గేటు దాటాలంటే దాని కాగితాలన్నీ ముందు నా బల్ల మీదికి రావాలి. ఏ డ్రమ్ములో పొడి వాడారు, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తూచారు, ఎవరు పక్కన నిలబడి చూశారు, అన్నీ ఉండాలి. ఒక్క సంతకం తక్కువైనా నేను కదలనివ్వను. మా పనిలో అందరూ అనే మాట ఒకటుంది, రాయనిది జరగనట్టే అని. ఆ మాటను రోజూ ఫ్యాక్టరీలోనే వదిలేసి ఇంటికొచ్చి ఉంటే బాగుండేది.

ఇంత కాగితాల మనిషినే గానీ, నా పేరుకు మాత్రం నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఉన్నవి మూడు కథలు. మా తాత బతికున్న రోజుల్లో అడిగితే, "మిషనోల్లు ఇచ్చిన్రు" అని ఊరుకునేవాడు. ఇంకా గుచ్చి అడిగితే బీడీ ముట్టించుకుని బయటికి పోయేవాడు. ఆయనకు తల్లీ తండ్రీ లేరు, చిన్నప్పుడే మిషన్ హాస్టల్‌లో పడ్డాడు. అంతకు మించి ఎవరికీ తెలియదు. రెండో కథ మా మేనత్తది. ఆమె గొంతు తగ్గించి, తాత తల్లి బంగ్లాలో పనిచేసేదని, అక్కడ ఏదో జరిగిందని చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో సిగ్గు ఎంత ఉండేదో గర్వమూ అంతే ఉండేది. మా ఇంటిల్లిపాదిలో తాతంత నల్లని మనిషి లేడు గనక ఆ కథ నాకెప్పుడూ మింగుడుపడలేదు. మూడోది మా అమ్మ చెప్పేది. బాప్తిస్మం రోజు పాస్టరు కళ్లు మూసుకుని ఒక పుస్తకం తెరిస్తే ఆ పేజీలో కనబడిన పేరట. ఏ పుస్తకమని అడిగితే, "దేవుని పుస్తకమే ఉంటది, ఇంకేం పుస్తకం" అనేది. బైబిల్ మొత్తం వెతికాను, మా పేరు లేదు. మూడు కథల్లో ఏ రోజు ఏది అనుకూలంగా ఉంటే ఆ రోజు దాన్ని నమ్ముతూ యాభై ఏళ్లు దాటించాను.

ఆ పేరు ఎక్కడిదో తెలుసుకోవాల్సిన అవసరం మా అమ్మాయి వల్ల వచ్చింది.

మాకు ఒక్కతే కూతురు. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో ఫిజియోథెరపిస్టు. మోకాళ్లు, నడుములు పట్టేసినవాళ్లతో వ్యాయామాలు చేయిస్తుంది. ఏడాదిన్నర కిందట నాచారం నుంచి ఒక పెద్దాయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. చీటీ మీద చూస్తే మా ఇంటిపేరే. ఆ పెద్దాయన తెగ సంతోషపడి, "మన పేరే బిడ్డా" అని పక్క మంచాలవాళ్లందరికీ చెప్పాడట. ఆయనను రోజూ బండి మీద తెచ్చి దింపేది కొడుకు. నాచారంలో ఒక ఇంజనీరింగ్ షెడ్డులో సూపర్‌వైజరు. ఆరు వారాల్లో మోకాలు సాఫీగా వంగింది. కొడుకు రాకపోకలు మాత్రం ఆగలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటుండగా అమ్మాయి ఆ సంగతి బయటపెట్టింది. నేను అలాంటి రోజు కోసం సిద్ధంగానే ఉన్నాను. చదువుకున్న పిల్ల, ముప్పైకి దగ్గరపడింది, తనకు తెలియదా? ఏ చర్చి, ఏం పని, ఎంతమంది అక్కచెల్లెళ్లు అని వరసగా అడిగాను. అన్నీ బాగున్నాయి. చివరకు ఇంటిపేరేంటని అడిగాను.

"మనదే" అంది.

ఎగతాళి చేస్తోందనుకుని నవ్వాను. నాతోపాటు ఎవరూ నవ్వలేదు. మా అమ్మ కంచం పక్కకు జరిపేసింది.

"ఇంటిపేరు ఒకటైతె అన్నచెల్లెండ్లు. గంతే" అంది మా అమ్మ. "దేవున్ని మార్చుకున్నం గని వావివరస మార్చుకోలే."

మాలో మేనరికాలు ఉన్నాయి. మేనమామ కొడుకును చేసుకున్నవాళ్లు మా చర్చిలోనే పదిమంది దొరుకుతారు. కానీ ఒకే ఇంటిపేరులో చేసుకున్నవాళ్లను నేను చూడలేదు. అలా చేసుకోకూడదని ఏ పాస్టరూ చెప్పలేదు, ఏ వాక్యంలోనూ లేదు. అయినా అది మా ఒంట్లోనే ఉంది. మా తాతలు మతం మారినప్పుడు మూటలో ఏమేం తెచ్చుకున్నారో తెలియదు గానీ, ఇది మాత్రం అడుగున భద్రంగా పెట్టుకుని వచ్చారు.

"గది ఇంగ్లీషోల్ల పేరు నానమ్మ" అంది అమ్మాయి. "మనది కాదు. దానికి వావివరస ఏంది?"

"పేరు ఎవరిదైతేంది, పెట్టుకున్నది మనం" అంది మా అమ్మ.

వారం గడిచింది. తర్వాత అమ్మాయే ఒక దారి చూపింది. నా ఎదురుగా కూర్చుని, "డాడీ, మనదీ వాల్లదీ ఒకటే రక్తమని రుజువు సూపియ్యుండ్రి. సూపిస్తే నేనిగ గా మాట ఎత్త. ఆయనకు కూడ నేనే చెప్త. సూపియ్యలేకపోతే మాత్రం మీరు అడ్డం రావొద్దు" అంది. అక్షరం పొల్లుపోకుండా నా పెంపకమే. రాయనిది జరగనట్టే అని ఇంట్లో రోజూ వింటూ పెరిగిన పిల్ల మరి.

ముందు నాచారం వెళ్లాను. ఆ అబ్బాయి తండ్రి నాకంటే పదేళ్లు పెద్ద. కర్ర పట్టుకోకుండా లేచి, నడిచి వచ్చి, "సూడు తమ్మీ, మీ బిడ్డ పున్యం" అని మోకాలు వంచి చూపించాడు. ఆయనకూ ఈ సంగతి గుండెల మీద బరువుగానే ఉంది. వాళ్ల ఇంట్లో కథ వేరే. వాళ్ల తాత ఒక దొర దగ్గర జీపు నడిపేవాడని, దొర దేశం పోతూ జీపు ఇవ్వలేక పేరు ఇచ్చి పోయాడని చెప్పాడు. అయితే ఒక్క మాట మాత్రం ఇద్దరి ఇళ్లలోనూ కలిసింది. వాళ్లు పోయాక రెండిళ్ల రాకపోకలు తెగిపోయాయి గానీ, వాళ్ల తాత, మా తాత ఒకరినొకరు అన్నా, తమ్మీ అని పిలుచుకునేవారు. ఒకరి కొడుకు పెళ్లిలో ఇంకొకరు పెద్దమనిషిగా నిలబడ్డారు. ఇక్కడ ఫ్యాక్టరీలు పెడుతున్నప్పుడు వాళ్ల తాత ముందు వచ్చి ఒక గేటు దగ్గర కాపలా పనిలో కుదిరి, తర్వాత మా నాన్నను, ఇంకో ఇద్దరు ముగ్గురిని పిలిపించి పనుల్లో పెట్టించాడు. అందుకే ఈ పేరున్న ఇళ్లన్నీ నాచారం నుంచి అన్నోజిగూడ దాకా ఈ ఒక్క రోడ్డు వెంబడే ఉన్నాయి. "రక్తం కాకపోతే గింత జేస్తరా తమ్మీ" అన్నాడు పెద్దాయన. నిజమే కదా అనిపించింది. బస్సెక్కేసరికి కాదేమో అనిపించింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దిగేటప్పటికి మళ్లీ నిజమే అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇంగ్లండు ముసలాయన సంగతి. రెండేళ్ల కిందట ఎవరో ఒకాయన, మా ఇంటిపేరే ఉన్నాయన, నాకు ఈమెయిల్ రాశాడు. ఉద్యోగం నుంచి రిటైరై, లోకంలో ఈ పేరున్న ప్రతి మనిషినీ వెతికి రాసిపెట్టుకోవడమే పనిగా పెట్టుకున్నానన్నాడు. లాటరీ మోసమనుకుని జవాబివ్వలేదు. ఇప్పుడు వెతికి తీసి, ఆలస్యానికి క్షమించమని, మా పేరు కథ చెప్పమని రాశాను. తెల్లారేసరికి పుస్తకమంత జవాబు వచ్చింది. ఆ మనిషి ఎన్నాళ్ల నుంచి ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నాడో.

డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివాను. ఇంగ్లండు ఉత్తరాన ఒక లోయ ఉందట. ఆ లోయలో వాగు పక్కన మేకల దొడ్డి ఉన్న ఒక కమతం. వాళ్ల పాత భాషలో మా పేరుకు అర్థం అదేనట, వాగు పక్కన మేకల దొడ్డి. ఆ కమతంలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఆ పేరు లేదు. ఒకడు అక్కడి నుంచి పక్క ఊరికి పోయి బతికితే, అక్కడివాళ్లు వాణ్ణి ఆ దొడ్డి పేరుతో పిలిచారు. ఇది చదివి నాకు ఆశ్చర్యం వేయలేదు. మన ఇంటిపేర్లూ సగం అంతే, ఊరు విడిచినవాడికే ఊరి పేరు అంటుకుంటుంది. ఎక్కువమంది కొడుకులు పుట్టక, పుట్టినవాళ్లు లోయ దాటక, ఆ పేరు పెరగలేదు. కొందరు బట్టల మిల్లుల్లో పనికి పక్క పట్నాలకు పోయారు, కొందరు ఓడెక్కి కెనడాకు, న్యూజిలాండుకు పోయారు.

ఉత్తరంతో పాటు ఒక పటం పంపాడు. లోకమంతా తెల్లగా ఉంటే, ఆ పేరున్నచోట ఎర్ర చుక్కలు. ఇంగ్లండు ఉత్తరాన దద్దు లేచినట్టు ఒక్కచోటే గుంపుగా ఉన్నాయి. మిల్లుల ఊళ్లలో కొన్ని, సముద్రాల అవతల అక్కడొకటి ఇక్కడొకటి. ఆసియా మొత్తం ఖాళీ. ఆ ఖాళీలో, మా ఉప్పల్ మీద, పిడికెడు ఎర్ర చుక్కలు. పక్కన ఒక చిన్న ప్రశ్న గుర్తు.

ఉత్తరం చివర ఆయన రాసిన మాట నాకు కంఠతా వచ్చేసింది. ఈ పేరున్నవాళ్లు భూమ్మీద ఎక్కడున్నా ఒకే కుటుంబమని, అందరూ ఒక్క మనిషి సంతానమేనని, ఇది తాను రుజువు చేశానని రాశాడు. మీ శాఖ ఏ కొమ్మ నుంచి వచ్చిందో తేలితే నా పని పూర్తవుతుంది, రక్తసంబంధం తేల్చే పరీక్షకు ఒక గొట్టం పంపిస్తాను, దాంట్లో ఉమ్మి తిరిగి పంపండి అని కూడా అడిగాడు.

"ఉమ్మి పంపాల్నా?" అంది నా భార్య. "గంత దూరం?"

ఉమ్మి పంపలేదు. దాని అవసరమేముంది? రాసి ఉంది కదా. ఒకే కుటుంబం, ఒక్క మనిషి సంతానం. ఉప్పల్‌లో ఒక జిరాక్స్ షాపులో పటాన్ని రంగుల్లో తీయించి, ఉత్తరంలో ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీసి అమ్మాయి ముందు పెట్టాను. నా బల్ల మీదికి ప్రశ్న గుర్తున్న కాగితం వస్తే నేను ఆ బ్యాచ్‌ను గోడౌన్‌లోనే ఆపేస్తాను. ఆ రోజు ఆ ప్రశ్న గుర్తు నా కంటికి ఆనలేదు. ఆనిందేమో, నేనే చూడదలచుకోలేదేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అమ్మాయి పటాన్ని చాలాసేపు చూసింది. "ఇంగ్లండ్ల గూడ వీల్లు ఒకరినొకరు చేస్కోరా డాడీ?" అని అడిగింది.

"వాల్ల సంగతి మనకెందుకు బిడ్డా" అన్నాను.

"సరే" అంది. మాట ఇచ్చిన పిల్ల, మాట మీద నిలబడింది. ఏడవలేదు, అన్నం మానలేదు. మరుసటి రోజు డ్యూటీకి పోయింది. నాకు దాంతోనే భయం పట్టుకుంది. ఇప్పుడు సరే అన్నా, రేపు మళ్లీ మనసు మారితే?

అందుకని ఒక పని చేశాను. మా వాళ్లలో ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు పెద్దలు చేసే పనే. నాచారం వాళ్లను కుటుంబ ప్రార్థనకు మా ఇంటికి పిలిచాను. తండ్రి, తల్లి, ఆ అబ్బాయి వచ్చారు. పాటలు పాడాం, వాక్యం చదువుకున్నాం, మా అమ్మ ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక నా భార్య చాయ్ కప్పులు పళ్లెంలో పెట్టి తెచ్చింది. నేను ఆ పళ్లెం తీసుకుని అమ్మాయి చేతిలో పెట్టాను.

"అన్నకు చాయ్ ఇయ్యి బిడ్డా" అన్నాను.

అందరికీ అర్థమైంది. నలుగురి ముందు ఒకసారి ఆ పిలుపు నోట్లోంచి వస్తే ఇక ఆ దారి మూసుకున్నట్టే, తర్వాత ఎవరూ తెరవరు. అమ్మాయి నా ముఖం చూసింది. పళ్లెం పట్టుకుని వెళ్లి, అతని ముందు వంగి, "చాయ్ తీస్కో అన్న" అంది. అతను కప్పు తీసుకున్నాడు. "థాంక్స్ చెల్లె" అన్నాడు. కప్పు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

పెద్దాయన లేచి నన్ను కావలించుకున్నాడు. "కోడలు పోయింది గని బిడ్డ దొరికింది తమ్మీ" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. మా అమ్మ హాయిగా నిట్టూర్చింది. నాకూ గెలిచినట్టే అనిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

నాలుగు నెలల తర్వాత ఇంగ్లండు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ముసలాయన చేస్తున్న పని ఆపలేదు. ఆ పేరున్న మగవాళ్లలో సిపాయిలు, వ్యాపారులు, నావికులు అందరినీ వెతికాడట. ఇండియా వైపు వచ్చినవాడు ఒక్కడూ లేడట. వచ్చింది ఒక్క స్త్రీ. పెళ్లి చేసుకోలేదు, మిషన్‌లో పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చి, ముసలితనంలో తిరిగి పోయి, ఆ లోయలోనే చనిపోయింది. ఆమెకు పిల్లలు లేరు. మీ చుక్కలకు ఇక్కడి నుంచి దారి దొరకడం లేదు, నేను మొదట రాసిన మాట మీ విషయంలో తొందరపాటేమో, మన్నించండి అని రాశాడు. ఆ మాటను పట్టుకుని నేను ఏం చేశానో ఆయనకు తెలియదు.

ఆ ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒక పెళ్లికాని ఆడమనిషి పేరు ఇంతమంది మగవాళ్లకు ఇంటిపేరు ఎలా అయింది? ఎవరికీ చెప్పకుండా ఉండిపోవచ్చు. సంగతి ముగిసిపోయింది, ఇల్లు నెమ్మదిగా ఉంది. కానీ బ్యాచ్ పోయాక తప్పు బయటపడితే గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. శనివారం సెలవు పెట్టి, కంపెనీ పని మీద పోతున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి, తాత పెరిగిన ఆ మిషన్ హాస్టల్ ఉన్న ఊరికి బస్సెక్కాను. మూడు గంటల దారి.

హాస్టల్ ఇప్పుడు లేదు. కాంపౌండులో ఒక బడి నడుస్తోంది. అక్కడి పెద్దాయన ఒకరు, రిటైరైన మాస్టారు, నా పేరు వినగానే నవ్వి, "మీరు గూడ గా పేరోల్లేనా" అన్నాడు. బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు. కాగితం పసుపురంగుకు తిరిగింది గానీ చేతిరాత ముత్యాల్లా ఉంది. ఒక పేజీ నిండా పిల్లల పేర్లు. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు తండ్రులు, వేర్వేరు ఇంటిపేర్లు. చివరి గడిలో, ఈ పిల్లవాడికి పెద్ద ఎవరు అన్నచోట, పేజీ పొడవునా ఒక్క పేరే, ఆ దొరసానిది.

"కరువుల, రోగాల తల్లిదండ్రులు పోయిన పోరగాల్లు" అన్నాడు మాస్టారు. "తెచ్చి ఆమెకు అప్పజెప్పిన్రు. పరీక్షకు పంపేటప్పుడు ఇంటిపేరు అడిగితే ఆమె పేరే రాయించిన్రంట. ఒక్క కంచంల తిన్నరు, ఒక్క సాప మీద పండిన్రు. పెద్దయినంక గూడ అన్నా తమ్మీ అనే పిలుసుకున్నరు."

నాచారం వాళ్ల తాత పేరు దొరికింది. ఊరు ఒకవైపు, అసలు ఇంటిపేరు ఒకటి. నాలుగు పేర్ల కింద మా తాత. ఊరు ఇంకోవైపు, ఇంటిపేరు ఇంకొకటి. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. నా బిడ్డకూ ఆ అబ్బాయికీ నడుమ రక్తమన్నదే లేదు. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, ఒక్క నిమిషం. తర్వాత మా తాత పేరున్న వరసను మళ్లీ చదివాను.

ఆ ఊరు నాకు తెలుసు. ఆ ఇంటిపేరూ తెలుసు. అది మా అత్తగారి ఊరు. ఆ ఇంటిపేరు మా మామది. నా భార్య పుట్టింటి పేరు. ఆ ఊళ్లో ఆ పేరున్నవాళ్లంతా ఒక్క ముసలాయన సంతానమని మా మామ పండుగ పండుగకూ చెప్పేవాడు.

మాస్టారు మంచినీళ్లు ఇచ్చాడు. తాగాను. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకు నేనే లెక్కలు వేసుకున్నాను. నా బిడ్డకు వద్దన్న నియమం నిజమైతే, నాకూ నా భార్యకూ జరిగిన పెళ్లి ఏమిటి? నియమం తప్పయితే, ఆ చాయ్ పళ్లెం ఏమిటి? తాతలు కలిసి తిన్న కంచం రక్తం కాకపోతే, ఇరవై తొమ్మిదేళ్లు నేనూ నా భార్యా తిన్న కంచం ఏమిటి? ఒకదానికి జవాబు దొరికితే ఇంకోటి జారిపోతోంది. ఘట్‌కేసర్ దాటాక కండక్టరు వచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రం. నా భార్య బట్టలు మడత పెడుతోంది, అమ్మాయి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి సోఫాలో కూర్చుంది. మా అమ్మ పక్కింటికి పోయింది, అదొక్కటే అదృష్టం. ఫోన్ తీసి ఫొటో చూపించి, ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. కంపెనీ పని అబద్ధమని కూడా చెప్పాను. నా భార్య ఫోన్ తీసుకుని ఆ వరసను వేలితో పెద్దది చేసి చదువుకుంది. ఫోన్ నాకిచ్చి, మళ్లీ బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. అదే చొక్కాను రెండుసార్లు మడిచి విప్పింది.

"తప్పు నాదే బిడ్డా" అన్నాను అమ్మాయితో. ఆ మాట నేను ఇంట్లో ఎప్పుడూ అనలేదు. "రేపే నాచారం పోత. కాల్లు మొక్కమంటే మొక్కుత. మనకూ వాల్లకూ ఏ సంబంధం లేదు. మీరు చేస్కోవచ్చు."

అమ్మాయి నెమ్మదిగా, రోగులకు వ్యాయామం చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పింది.

"ఆ రోజు సంది మేం రోజు ఫోన్ల మాట్లాడుకున్నం డాడీ. అన్నా అని నేను, చెల్లె అని ఆయన. నోటికి అలవాటు కావాలని పట్టుబట్టి పిలుసుకున్నం. మొదట్ల పిలిసినప్పుడల్ల ఇద్దరం ఏడ్సినం. తర్వాత ఏడుపు తగ్గింది. కిందటి నెల ఆయనకు పెండ్లిచూపులకు పోతే, పిల్ల ఎట్లుందని నేనే అడిగిన. నిజంగనే అడిగిన. గప్పుడు తెలిసింది, అలవాటైందని."

"గది ఉట్టి పిలుపే కద బిడ్డా" అన్నాను. "మల్ల మార్చుకోవచ్చు."

అమ్మాయి వాళ్లమ్మ వైపు చూసింది, తర్వాత నా వైపు.

"అయితే రేపటి సంది మమ్మీని మీరు చెల్లె అని పిలువుండ్రి డాడీ" అంది. "నాలుగు నెల్లు పిలువుండ్రి. తర్వాత మార్చుకోని చూడుండ్రి."

కోపంగా అనలేదు. నన్ను నిజంగానే అడిగినట్టు అంది. నేను నా భార్య వైపు తిరిగాను. ఆమె చేతిలో చొక్కా అలాగే ఉంది, తల ఎత్తలేదు.